మా బావి, అత్తావాళ్ళ కుళాయి

అర్ధ సంవత్సర పరీక్షల సెలవులకు ముందు మా సాంఘికం సారు "రాజధాని ఉన్న జిల్లా గురించి వ్యాసం రాసుకుని రండి" అని చెప్పినారు. ఇందులో ఏముంది, చెన్నై గురించి ఎవరైనా రాసేస్తారు అనుకున్నాను. మా మింజూరు స్టేషన్లో లోకల్ రైలు ఎక్కితే ఇంచుమించు గంటలో సెంట్రల్‌లో దిగొచ్చు. మెరీనా బీచి, కోట, ఎగ్మూరు మ్యూజియం, గిండీ పార్కు, అంతే కదా! మొదటి పేజీ అట్లే రాసి, మా అమ్మమ్మకు చదివి వినిపించినాను. ఆమె అంతా విని, "బాగుందమ్మా. అయితే ఆ జిల్లా హద్దు ఎక్కడుందో రాయలేదే?" అని అడిగింది.

అమ్మమ్మకు హద్దుల సంగతి బాగా తెలుసు. ఆమెది తిరుత్తణి. ఆమె పుట్టినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి కూడా ఆంధ్రలోకి పోయింది. తరువాత రెండు రాష్ట్రాల మధ్య హద్దు తగాదా తీర్చడానికి పటాస్కర్ గారిని నియమించినారు. ఆయన చెప్పిన ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బదులుగా మన పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లోని సత్యవేడు వైపు ఊళ్ళు కొన్ని ఆంధ్రకు పోయినాయి. "అప్పుడు నాకు పదేళ్ళు. రాత్రి ఆంధ్రాలో పడుకున్నాను, తెల్లారి మద్రాసు రాష్ట్రంలో లేచినాను. మా ఆవు మాత్రం ఎప్పటిమాదిరే పాలిచ్చింది" అని అమ్మమ్మ నవ్వుతుంది. చిత్తూరు జిల్లా అయిపోయినాక చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఇల్లు ఒకటే, జిల్లాలు మూడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో అదే తిరుత్తణిలో పుట్టినప్పుడు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. దాన్ని కూడా కలిపితే నాలుగు!

ఇట్లాంటిదే మా మేనత్తకు కూడా జరిగింది. అత్తది తిరువొత్తియూరు. నేను చిన్నగా ఉన్నప్పుడు తిరువొత్తియూరు కూడా మన తిరువళ్ళూరు జిల్లానే. 2018లో తిరువొత్తియూరు, మాధవరం, అంబత్తూరు ఇవన్నీ చెన్నై జిల్లాలో కలిపేసినారు. అత్త కుండా చట్టీ సర్దకుండానే రాజధాని జిల్లాకు కాపురం మారిపోయింది. అంతకుముందు చెన్నై జిల్లా సుమారు 175 చదరపు కిలోమీటర్లే. ఇప్పుడు 426. తమిళనాడులో అన్నిటికంటే చిన్న జిల్లా అయినా, 2011 జనాభా లెక్కల నాటికే అందులో 46 లక్షలకు పైగా మనుషులు ఉన్నారు. పల్లె అనేది లేని జిల్లా అది. పొలం లేని చోట అన్నమైనా నీళ్ళైనా బయటినుంచి రావాల్సిందే కదా. నా వ్యాసం ఇక్కడినుంచి దారి మారింది.

మొదట చరిత్ర చెప్తాను. ఇంగ్లీషువాళ్ళు రాకముందే మనకు దగ్గరలోని పులికాట్‌లో డచ్చివాళ్ళు ఉన్నారు. 1613లో అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. పొన్నేరి మీదుగా బస్సులో పోతే వాళ్ళ శ్మశానం ఇప్పటికీ చూడొచ్చు. రాళ్ళమీద పుర్రెలు చెక్కి ఉంటాయి, మా తమ్ముడు భయపడి బయటే నిలబడినాడు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళకు సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో చిన్న వర్తక స్థావరం ఉండేది, అది వాళ్ళకు అచ్చిరాలేదు. అందుకని ఫ్రాన్సిస్ డే అనే ఆయన దక్షిణంగా వచ్చి స్థలం వెతికినాడు. ఇసుక దిబ్బ లాంటి ఆ చోటును ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు ఉండింది పూందమల్లిలో, అంటే మన జిల్లాలో! అది 1639 ఆగస్టు 22. మరుసటి ఏడు కోట లేచింది. దామెర్లవారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరుమీదనే చెన్నపట్నం అని పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ చెన్నై అనరు. "పట్నం పోయొస్తాం" అంటారు.

సెలవుల్లో ఒక ఆదివారం నాయన, అమ్మమ్మ, తమ్ముడు, నేను పట్నం పోయినాం. సెంట్రల్ బయట తెల్లగా రిప్పన్ బిల్డింగు, అదే కార్పొరేషన్ ఆఫీసు. మద్రాసు కార్పొరేషన్ 1688లో మొదలైంది, మన దేశంలో అదే మొదటిది. అక్కడ పిట్టి త్యాగరాయ చెట్టి గారి విగ్రహం ఉంది. టి. నగర్ అంటే త్యాగరాయ నగర్, ఈయన పేరే. అక్కడి పనగల్ పార్కు పేరు కూడా ఇంకొక తెలుగాయనది, పానగల్లు రాజా రామరాయణింగారు. బట్టలు కొనడానికి ఆ పార్కు పక్కనే ఎన్నిసార్లు పోయినామో, ఎవరి పేరు అని ఒక్కసారైనా అడగలేదు.

కోటను బయటినుంచే చూసినాం. లోపల సచివాలయం, శాసనసభ ఉన్నాయి, 1680లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఉంది. ఎక్కువసేపు ఉండింది ఎగ్మూరు మ్యూజియంలో. అక్కడ అమరావతి శిల్పాలకు ఒక పెద్ద గది ఉంది. కృష్ణా నది ఒడ్డున స్తూపం చుట్టూ ఉండిన పలకలు, తామరపూలు, ఏనుగులు, మొక్కుతున్న మనుషులు. తమ్ముడు ఏనుగులు లెక్కబెట్టుకుంటూ తిరిగినాడు. అమ్మమ్మ ఒక పలక ముందు చాలాసేపు నిలబడి, "పాపం, ఇంత దూరం తెచ్చి పెట్టేసినారే" అంది. కృష్ణానుంచి పట్నం దాకా వచ్చింది రాళ్ళు మాత్రమే కాదు, నీళ్ళు కూడా అని నాయన అప్పుడు చెప్పినాడు. అది కొంచెం ముందుకు పోయి రాస్తాను.

అమ్మమ్మ అడిగిందని మైలాపూరు వైపు కూడా పోయినాం. 1952లో పొట్టి శ్రీరాములు గారు అక్కడ బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న చనిపోయినారు. 58 రోజులు! రాయపేట హైరోడ్డులో ఆయన స్మారక భవనం ఉంది. అమ్మమ్మ చెప్పులు విప్పి లోపలికి పోయింది. రాష్ట్రం వచ్చింది, పట్నం రాలేదు. మేము ఇటువైపు ఉండిపోయినాం. సూళ్ళూరుపేటకు పెండ్లికి పోతే మా మాట విని "మీరు అరవోళ్ళా?" అంటారు. ఆ సాయంత్రం తిరువొత్తియూరులో అత్తా వాళ్ళ పక్కింటి పిల్ల నన్ను తమిళంలో అడిగింది: "మింజూరా? అది ఆంధ్రాలోనా ఉంది?" నాకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. ఆ పిల్ల కూడా మొన్నటిదాకా మా జిల్లానే కదా.

అత్తా వాళ్ళింట్లో కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి తిప్పినాను. నీళ్ళు వచ్చినాయి. చెంబులో పట్టి తాగి చూసినాను, ఉప్పు లేదు. అత్త నవ్వి, "అవి మీ ఊరి నీళ్ళేనే" అంది.

నిజమే. మాకు తూర్పున కాట్టుపళ్ళిలో సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు ఉంది. 2010లో మొదలైంది. రోజుకు 10 కోట్ల లీటర్లు. సముద్రం నీళ్ళను గట్టి ఒత్తిడితో సన్నని పొరలగుండా తోస్తారు, మంచినీళ్ళు ఇవతలికి వస్తాయి, మిగిలిన బాగా ఉప్పు నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి పోతాయి. మంచినీళ్ళు గొట్టాల్లో ఉత్తర చెన్నైకి పోతాయి. పేరు మాత్రం అందరూ "మింజూరు ప్లాంటు" అంటారు. మా ఇంట్లో తాగడానికి క్యాను నీళ్ళు కొంటాం.

మా పెరట్లో బావి లేక కాదు. తాత తవ్వించిన బావి అది. దాని నీళ్ళతో వరి, వేరుశెనగ పండించినారంట. నేను పుట్టకముందే ఉప్పెక్కింది. ఎందుకు ఎక్కిందని సారును అడిగినాను. బోర్డుమీద బొమ్మ గీసి చెప్పినారు. సముద్రం దగ్గరి ఊళ్ళలో భూమి కింద మంచినీళ్ళు ఒకవైపునుంచి, ఉప్పునీళ్ళు ఇంకొకవైపునుంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మంచినీళ్ళు ఎక్కువ తోడేస్తే ఇటువైపు బలం తగ్గిపోయి ఉప్పునీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. పట్నానికి నీళ్ళు చాలక మింజూరు, పంజెట్టి, తామరైపాక్కం వైపు వరసగా బోర్లు వేసి, ఏళ్ళ తరబడి తోడినారు. అట్లా సముద్రం భూమి కిందనే మైళ్ళ కొద్దీ నడిచి వచ్చింది. నేను కోపంగా ఇంటికొచ్చి "అంతా పట్నంవాళ్ళే చేసినారు" అంటే, నాయన ఒప్పుకోలేదు. "మేము మాత్రం? కరెంటు మోటారు వచ్చినాక రాత్రీ పగలూ తోడినాం. అప్పుడు ఎవరికి తెలుసు" అన్నాడు. నాయన ఇప్పుడు వ్యవసాయం లేదు, పొద్దున్నే లోకల్ ఎక్కి పట్నంలో పనికి పోతాడు.

పట్నం తాగే చెరువులు కూడా చూడండి. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం. మొదటి మూడూ మనవైపువే. పూండి జలాశయం 1944లో కట్టినారు, కుశస్థలి నది మీద. ఆ పూండికే కృష్ణా నీళ్ళు వస్తాయి. 1983లో ఎన్.టి.ఆర్., ఎం.జి.ఆర్. ఒప్పందం చేసుకున్నారు. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు దాటి, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో మన ఊత్తుకోట దగ్గర రాష్ట్రం హద్దుకు చేరతాయి. 1996లో మొదటిసారి వచ్చినాయి. ఒప్పందంలో ఏడాదికి 12 టి.ఎం.సి.లు. నీళ్ళకు హద్దు దాటడానికి అంత కష్టమా అనిపించింది. ఇక కూవం సంగతి రాయకపోతే బాగుండదు. అది కూడా మన జిల్లాలోనే మొదలవుతుంది, ఆ పేరుతో ఊరే ఉంది. పట్నంలో బస్సు వంతెన దాటేటప్పుడు మనం ముక్కు మూసుకునేది ఆ నదికే.

ఆ రాత్రి భోజనాలప్పుడు అత్త నాయనతో, "పదో తరగతి అయినాక పిల్లను మా ఇంట్లో పెట్టు అన్నా, ఇక్కడ మంచి బడులున్నాయి, నీళ్ళకు కూడా ఇబ్బంది లేదు" అంది. మా బడిలో తెలుగు మీడియం పదో తరగతి వరకే. తమిళం నాకు బాగానే వస్తుంది, ఇంగ్లీషు మీడియంలో చేరినా చదువుకోగలను. కానీ అమ్మమ్మకు చూపు తగ్గింది, ఆమెకు తెలుగు పుస్తకం చదివి వినిపించేది ఇంట్లో నేనొక్కదాన్నే. తమ్ముడు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నాడు. నాయన నా మొగం చూసినాడు. నేను అన్నం కలుపుతా ఉండిపోయినాను. ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

సెలవులు అయినాక వ్యాసం ఇచ్చినాను. సారు చదివి, చివర ఎర్ర సిరాతో "బావి లోతు ఎంత? కొలిచి రాయి" అని రాసి తిరిగి ఇచ్చినారు. ఆ ఆదివారం నాయన చేంతాడుకు అడుగు అడుగుకు ముడి వేసి, బొక్కెన కట్టి దించినాడు. నేను ముడులు లెక్కబెట్టినాను. ఇరవై రెండో ముడి దగ్గర నీళ్ళు తగిలినాయి, ముప్పై ఒకటికి అడుగు తగిలింది. బొక్కెన పైకి లాగి నాయన ఒక చుక్క నాలుకమీద వేసుకుని ఉమ్మేసినాడు. కొంచెం ఆగి, "పోయినేటి అంత ఉప్పు లేదే, వానలు బాగా పడినాయి కదా" అన్నాడు. నేను కూడా చూసినాను. నాకు ఉప్పుగానే ఉంది. అమ్మమ్మ "నాకూ కొంచెం పోయండి" అని చెయ్యి చాపింది.