ఏనుగు మల్లమ్మ కొండ కింద ఎర్రతొండలు

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో హార్స్‌లీ కొండ ఉన్నది. 1870లో కడప కలెక్టరు హార్స్‌లీ దొర వేసవి విడిదికి అక్కడ బంగళా కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. ఊళ్ళవాళ్ళ నోట మాత్రం అది ఏనుగు మల్లమ్మ కొండే. నాలుగు వేల అడుగుల ఎత్తున చల్లగాలి పీల్చి, చెట్ల కింద ఫొటోలు దిగి, సాయంత్రానికి జనం వెళ్ళిపోతారు. దిగువన ఎండకు కాగే గుండ్ల వంక చూసేవారు అరుదు. నేను వెళ్ళేది ఆ గుండ్ల కోసం, వాటిమీద కాపురముండే రాతితొండల కోసం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తొండలతో ఏం పని అని మీరడగవచ్చు. పని సామెత దగ్గర పడింది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. అదేం కాదు, రెండూ వేరువేరు జాతులు. కాని రంగులు మార్చే విద్యలో రాతితొండ ఎవరికీ తీసిపోదు. మామూలు రోజుల్లో అది రాతిరంగే. జతకట్టే కాలం వచ్చిందా, మగదాని వీపు కుంకుమ, పక్కలు కాటుక. ఆడతొండ ఎదుట ఒక వేషం, పోటీకి వచ్చిన మగతొండ ఎదుట మరో వేషం! శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సామోఫిలస్'. అంటే ఇసుకను ప్రేమించేదని అర్థం. ఉండేదేమో రాతిమీద! పొరపాట్లు సామెతలకే పరిమితం కాదన్నమాట.

ఈ సింగారం ఎన్నాళ్ళు? వీటిలో చాలావాటి ఆయుష్షు ఏడాదికి కాస్త అటూ ఇటూ. ఈ వేసవిలో చూసిన ఎర్రతొండ వచ్చే వేసవికి ఉంటుందన్న నమ్మకం లేదు.

అందుకే పోయిన మే నెలలో పొద్దున ఏడు గంటలకే గుండెక్కాను. ఎండ కాచుకుంటూ ఒక మగతొండ కూర్చుని ఉంది. దగ్గరి వస్తువులు తీసే మాక్రో లెన్సు ఉన్నా, దగ్గరికి పోవలసింది మనమే గదా! నిలబడి పోతే పారిపోతుంది. నీడ మీద పడితే పగుల్లో దూరుతుంది. బోర్లా పడుకుని, జానెడు జరగడం, అది తల ఎత్తితే ఆగడం. ఇలా గంట పట్టింది.

కింద మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కేకవేశాడు:

"ఏం సామీ, రాతికి సాష్టాంగం చేస్తా ఉండారే!"

"మాట్లాడొద్దు పెద్దాయనా, దేవుడు లేచిపోతాడు" అన్నాను మెల్లగా.

మూరెడు దూరం చేరాక కంటిమీద ఫోకసు నిలిపాను. మెడమీది పొలుసులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి. ఒక చీమను నాలుకతో అందుకుని, మళ్ళీ నావంక చూసింది. నాలుగు బొమ్మలు తీశాను.

ఇంతలో పెద్దాయన మనవడు గుండెక్కి వచ్చాడు. చేతిలో రాయి. తొండ తల ఆడించిందంటే మన పల్లెల్లో పిల్లలకు వెక్కిరించినట్టే లెక్క.

"ఒరే అబ్బీ, రాయి తర్వాత వేద్దువుగాని, ముందిది చూడు" అని కెమెరా వాడి ముందు పెట్టాను.

తెరనిండా తొండ కన్ను. వాడు చాలాసేపు చూశాడు.

"ఇది నన్నే చూస్తా ఉంది సార్!"

"అది ఎవణ్ణీ వెక్కిరించదురా. ఈ గుండు నాదని సాటి తొండకు చెబుతుంది, అంతే."

వాడు రాయి పడేశాడు. ఆ చప్పుడుకే తొండ పగుల్లో దూరింది.

మీరూ వెళితే పెందలాడే వెళ్ళండి. తొండను పట్టి కూర్చోబెట్టవద్దు, రాళ్ళు పెకలించవద్దు. పారిపోయిందా, కదలకుండా ఉండండి. మేమిద్దరం అలాగే కూర్చున్నాం. పావుగంటకు పగుల్లోంచి ఎర్రతల బయటికి వచ్చింది. ఊపిరి బిగబట్టి, వేలితో నాకు చూపించింది వాడే.