టెక్సాస్ పెరటిలో ఒక పొయ్యి

అమెరికాలోని డల్లాస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో అనే ఊళ్ళున్నాయి. ఒకప్పుడు పచ్చికబీళ్ళూ పొలాలూ పరచుకొని ఉండిన ఆ నేలమీద ఇప్పుడు వీధి వెనుక వీధిగా ఇటుక ఇళ్ళు బారులు తీరాయి. వాటిలో తెలుగువారి ఇళ్ళూ చాలా ఉన్నాయి. ముంగిలి చూసి ఎవరిది ఏ ఇల్లో పోల్చుకోవడం కష్టం. గృహస్థు అభిరుచి తెలియాలంటే పెరటిలోకి వెళ్ళాలి. కర్రదడి చాటున, నడుమెత్తున కట్టిన అరుగు ఒకటి కనిపిస్తుంది. దాని మధ్య ఇనుప కమ్మీల పొయ్యి, పక్కన వంటసామాను పెట్టుకొనే రాతిపలక ఉంటాయి. దానిని అక్కడివారు బార్బిక్యూ ఐలండ్ అంటారు. విడిగా నిలబడుతుంది గనుక ద్వీపమన్నమాట!

బార్బిక్యూ అనే మాట కరీబియన్ దీవులలోని తైనో జాతివారిదట. నిప్పుమీదుగా కర్రలతో కట్టిన మంచెకు వారు పెట్టుకొన్న పేరు స్పానిష్‌వారి నోట పడి, ఇంగ్లీషులోకి చేరింది. 1920లలో హెన్రీ ఫోర్డు తన కార్ల తయారీలో మిగిలిపోయిన చెక్కముక్కలను బొగ్గుబిళ్ళలుగా మార్పించాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక నగరాల శివార్లలో ఇళ్ళు వెలిశాయి. ప్రతి ఇంటికీ పెరడు వచ్చింది. పెరటికి ఇటుకపొయ్యి అలంకారమైంది. అయితే అది గాలివాలును బట్టి పొగ చిమ్మేది. షికాగో ప్రాంతంలో జార్జి స్టీఫెన్ అనే ఆయన ఆ బాధకు విసిగి, తాను పనిచేసే కర్మాగారంలో బోయాలకు వాడే లోహపు గోళాన్ని రెండు చిప్పలుగా చేసి, 1952లో మూత గల పొయ్యిని తయారుచేశాడు. తరువాత గ్యాసుపొయ్యిలు వచ్చాయి. వాటికి చుట్టూ అరుగు కట్టే ముచ్చట మళ్ళీ మొదలైంది.

మనవారు దీనిని ఆదరించడానికి మరొక కారణం ఉన్నది. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్కచట్రాల మీద కట్టినవి. ఎండకాలమంతా కిటికీలు మూసే ఉంటాయి. ఎండుమిరపకాయల తాళింపు ఘాటెక్కితే చాలు, పొగను పసిగట్టే యంత్రం కీచుమని ఇల్లెగరగొడుతుంది. చేపల వేపుడు వాసన తివాచీలో వారం రోజులు కాపురముంటుంది. కనుక వేపుళ్ళకు పెరడే శరణ్యం. మా అల్లుడు ఈ ద్వీపనిర్మాణానికి పూనుకొన్నప్పుడు నేను అక్కడే ఉండటం తటస్థించింది.

మొదట గునపం పడుతుందనుకొన్నాను. "ఆగండి మామయ్యగారూ, ముందు ఫోను చేయాలి" అన్నాడతను. 811 అనే నంబరుకు చెబితే మనిషి వచ్చి, భూమిలో ఏ తీగె, ఏ గొట్టం ఎక్కడ పోతున్నదో నేలమీద రంగులతో గీసి పోతాడు. గ్యాసుకు పసుపు, విద్యుత్తుకు ఎరుపు, మంచినీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ. రుసుము లేదు. మన పట్టణాలలో కేబులు కోసం తవ్వి నీటిగొట్టం పగులగొట్టే వైభవాన్ని తలచుకొంటే, ఈ ఒక్క ఆచారాన్ని దిగుమతి చేసుకోవచ్చుననిపించింది.

నేల చూసి నేను ఆశ్చర్యపోయాను. అది అచ్చమైన నల్లరేగడి! కర్నూలు చేలలో వలెనే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానిమీద తిన్నగా అరుగు కడితే రెండేళ్ళకు బీటలు వారుతుంది. అందుచేత పైమట్టి తీసి, కంకర వేసి దిమ్మిసా కొట్టి, ఇనుపచువ్వలు పరచి కాంక్రీటు పోశారు. ఇంటి గోడకు పదడుగులు ఎడమిచ్చారు. దానిమీద సిమెంటు దిమ్మెలతో పెట్టెవలె గోడలు లేచాయి. చెక్కతో కట్టేవారూ ఉన్నారు గాని, అప్పుడు పొయ్యికీ చెక్కకూ మధ్య వేడినాపే ప్రత్యేకమైన తొడుగు ఉండి తీరాలి.

అసలు కిటుకు అంతా గోడలో వదిలే కన్నాలలో ఉన్నది. పైకి అందంగా కనిపించాలని పెట్టెను నలువైపులా మూసేస్తారు కొందరు. సిలిండరులోని ప్రొపేను గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువు. ఎక్కడో సన్నగా కారితే పైకి పోదు. నీటివలె అడుగున చేరి, ఆ మూసిన పెట్టెలో గూడుకట్టుకొని ఉంటుంది. ఎవరో వచ్చి పొయ్యి వెలిగిస్తారు. ఒక్క నిప్పురవ్వ చాలు, తలుపులు ఊడి ఎగరడానికి. కనుక నేలకు దగ్గరగా, ఎదురెదురు గోడలలో కన్నాలుంచాలి. గొట్టం ద్వారా వచ్చే సహజవాయువు గాలికన్న తేలిక. దానికి కన్నాలు పైన కావాలి. మా అల్లుడు రెండుచోట్లా పెట్టించాడు. అందం చెడుతుందని అమ్మాయి గొణిగింది. నేను అల్లుడి పక్షం వహించాను. మన వంటింట్లో వాడే గ్యాసూ ఇలాగే నేలబారున పాకేదని ఆమెకు గుర్తుచేశాను.

కాంక్రీటు గట్టిపడే దాకా ఆగి, ఒక శనివారం సాయంత్రం పొయ్యి ముట్టించారు. పొరుగింటి టెక్సాస్ దంపతులు ఎద్దుమాంసం తెచ్చారు. ఓక్ కట్టెలమీద గంటల తరబడి నిదానంగా కాలవలసినదానిని గ్యాసుమీద పెట్టడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు, మొగమాటానికి ఒప్పుకొన్నాడు. మా ఆవిడ మాత్రం కమ్మీల మూలన నాలుగు వంకాయలు పెట్టింది. తొక్క నల్లబడి చిట్లగానే ఒలిచి, పచ్చిమిర్చి, చింతపండు కలిపి నూరి, ఇంగువ తాళింపు వేసింది. పొగవాసన తగిలిన ఆ పచ్చడిని పొరుగాయన రొట్టెకు పూసుకొని మూడుసార్లు తిన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక సంగతి చెప్పాడు. గ్యాసు గొట్టాలలో సాలీళ్ళు గూళ్ళు పెడతాయట. అప్పుడు మంట వెనక్కు తన్నవచ్చు. ఏటా వసంతంలో సన్నని కుంచెతో వాటిని తుడవాలట. మరునాడే అల్లుడు అటువంటి కుంచె ఒకటి కొనితెచ్చి, పొయ్యి తలుపుకు లోపలివైపున తగిలించాడు.