అమృతసర్ వెళ్ళొచ్చా? భయమేమీ లేదా?

"అమృతసరా? ఆడవాళ్ళు, పిల్లలతో వెళ్ళే ఊరేనా అది?"

మేం టిక్కెట్లు తీసుకున్నామని చెప్పగానే మా పక్కింటావిడ అన్న మొదటి మాట ఇది. ఆవిడని తప్పు పట్టకండి. ఆ ఊరి పేరు చెప్పగానే మీకైనా రెండు దృశ్యాలు కళ్ళముందు కదులుతాయి. ఒకటి, నీళ్ళ మధ్య ధగధగలాడే బంగారు గుడి. రెండోది, తుపాకులు. జలియన్‌వాలా బాగ్ గురించి బడిలో చదువుకున్నాం. 1984 సంగతులు పెద్దవాళ్ళు రేడియో దగ్గర కూర్చుని వింటుంటే మనమూ విన్నాం. అందుకే "వెళ్ళొచ్చా?" అన్న అనుమానం సహజమే. ఆ అనుమానంతోనే వెళ్ళొచ్చిన నేను, చూసింది చూసినట్టు మీకు చెబుతాను.

అసలు ఈ ప్రయాణం నాది కాదు, మా పిన్నిది. పిన్నికి ఇప్పుడు అరవై ఏడేళ్ళు. పెళ్ళయిన కొత్తలో బాబాయి ఉద్యోగం అమృతసర్ కంటోన్మెంట్‌లో. క్వార్టర్స్ దొరక్క ఊళ్ళోనే ఒక సందులో అద్దెకుండేవారు. 1984 జూన్‌లో పిన్ని చంకలో ఎనిమిది నెలల పిల్లవాడు. నలభై ఏళ్ళుగా ఆ ఊరి గురించి పిన్ని మాట్లాడితే ఒట్టు. అలాంటిది మొన్న చలికాలం మా ఇంటికొచ్చి, "ఒక్కసారి నన్ను అమృతసర్ తీసుకెళ్తావుటే?" అంది. ఆ పిల్లవాడే, ఇప్పుడు పెద్ద ఉద్యోగస్తుడు, ఫోన్లో ఒకటే గోల. "ఈ వయసులో నీకెందుకమ్మా ఆ ఊరు?" అని. పిన్ని వినలేదు. సున్నుండలు చేసి, ఒక పాత స్టీలు డబ్బాలో సర్దుకుని బయల్దేరింది. ఆ డబ్బా సంగతి తర్వాత చెబుతాను.

మాది నిజామాబాద్. మాకు అమృతసర్ దారి చాలా సులువు. నాందేడ్‌లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించారు. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారా వాళ్ళకి మహాక్షేత్రం. అందుకని నాందేడ్ నుంచి అమృతసర్‌కి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా నడుస్తుంది. దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. పెట్టెనిండా గుడికెళ్ళే సిక్కు కుటుంబాలే. పిన్ని నలభై ఏళ్ళ తర్వాత నోరు తిరగని పంజాబీలో వాళ్ళతో కబుర్లు మొదలెట్టేసరికి, మా భోజనాల బుట్ట విప్పే అవసరమే రాలేదంటే నమ్మండి!

ఆ ఊరు పడ్డ కష్టాలు

అమృతసర్‌ని నాలుగో గురువు గురు రామదాస్ 1577లో స్థాపించారు. మధ్యనున్న కొలనే అమృత సరస్సు. ఊరికి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. అయిదో గురువు గురు అర్జన్ దేవ్ కాలంలో గుడి పూర్తయి, 1604లో అందులో పవిత్ర గ్రంథాన్ని ప్రతిష్ఠించారు. బంగారు తాపడం తర్వాత మహారాజా రంజిత్ సింగ్ చేయించింది. గుడికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళు. ఏ దిక్కునుంచి ఎవరొచ్చినా రావచ్చునని.

అలా నాలుగు తలుపులూ తెరిచి పెట్టుకున్న ఊరికే ఎన్ని గండాలో చూడండి. 1919 ఏప్రిల్ 13, వైశాఖి పండగ రోజు. గుడికి కూతవేటు దూరంలోని జలియన్‌వాలా బాగ్‌లో గుమిగూడిన జనం మీద జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించాడు. 1650 తూటాలు పేల్చారు. సర్కారువారి లెక్క ప్రకారమే 379 మంది పోయారు. కాంగ్రెస్ విచారణ సంఘం వెయ్యికి పైనే అంది. మనం సరిగా చదువుకోని సంగతి ఇంకొకటుంది. రతన్ దేవి అనే ఇల్లాలు ఆ శవాల మధ్య భర్తని వెతుక్కుని, కర్ఫ్యూ వల్ల మోసుకెళ్ళే దిక్కులేక, కుక్కలు దగ్గరికి రాకుండా వెదురుకర్ర చేతపట్టుకుని తెల్లవార్లూ శవం పక్కనే కూర్చుంది. విచారణలో ఆవిడ చెప్పిన వాఙ్మూలం ఈనాటికీ ఉంది. ఆ తోటలో తూటాల గుర్తులున్న గోడ, జనం దూకిన బావి చూస్తుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది. 2021లో ఆ తోటని బాగుచేసి రంగు లైట్లవీ పెట్టారు. అంత హంగు అక్కర్లేదని అప్పుడే చాలామంది నొచ్చుకున్నారు. నాకూ అలాగే అనిపించింది.

తర్వాత 1947. లాహోర్ ఇక్కడికి యాభై కిలోమీటర్లే. రాత్రికి రాత్రి మధ్యలో దేశ సరిహద్దు వచ్చిపడింది. టౌన్‌హాల్‌లో 2017లో పెట్టిన విభజన మ్యూజియం తప్పకుండా చూడండి. అందులో ఒక ఫుల్కారీ కుట్టు కోటు, ఒక తోలు పెట్టె ఉన్నాయి. పెళ్ళి నిశ్చయమైన ఒక జంట గొడవల్లో విడిపోయి, చెరొకటీ పట్టుకుని పారిపోయి, చివరికి అమృతసర్ శరణార్థి శిబిరంలో తిండి కోసం నిలబడ్డ వరసలో ఒకర్నొకరు చూసుకున్నారట. ఆ తర్వాత పెళ్ళీ చేసుకున్నారు.

ఇక 1984. గుడి ఆవరణలో సాయుధులై తిష్ఠ వేసిన భింద్రన్‌వాలే మనుషుల్ని వెళ్ళగొట్టడానికి జూన్ మొదటివారంలో సైన్యం లోపలికి వెళ్ళింది. అదే ఆపరేషన్ బ్లూస్టార్. గురు అర్జన్ దేవ్ అమరత్వ దినానికి వచ్చిన యాత్రికులు మధ్యలో చిక్కుకున్నారు. అకాల్ తఖ్త్ బాగా దెబ్బతింది. ఎందరు పోయారన్న లెక్క మీద ఈనాటికీ ఒప్పుదల లేదు. అదే ఏడాది అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య, ఆ వెంటనే ఢిల్లీలో సిక్కుల ఊచకోత. ఆ తర్వాత కూడా ఎనిమిది, తొమ్మిదేళ్ళు పంజాబ్‌లో చీకటిపడితే తలుపులు తీసేవారు కాదు. 1990ల నడిమికి గానీ జనం ఊపిరి పీల్చుకోలేదు.

గోడమీంచి వచ్చిన పాలు

పిన్ని చెప్పిందిదీ. 1984 జూన్ 3న పంజాబ్ అంతా కర్ఫ్యూ. రైళ్ళు లేవు, బస్సుల్లేవు, ఫోన్లు మూగబోయాయి. బాబాయి కంటోన్మెంట్‌లోనే ఉండిపోయారు. ఇంట్లో పిన్ని, పసివాడు. దూరంగా ఫిరంగుల మోత. భయానికి పిన్నికి పాలు పడలేదు. పక్కింట్లో ఒక పెద్దావిడ, అంతా 'బీజీ' అనేవారు. వాళ్ళకో గేదె ఉండేది. పిల్లవాడి ఏడుపు విని బీజీ పెరటి గోడమీంచి గ్లాసుడు పాలు అందించింది. కర్ఫ్యూ ఎత్తేదాకా రోజూ పూటపూటకీ అందించింది. "వాళ్ళ గుడి మీద ఫిరంగులు పేలుతున్నాయి. మా ఆయన చూస్తే మిలిటరీ కొలువు. ఆవిడకి నా మీద కోపం రావాలా, వద్దా? నా పిల్లాడికి పాలు పట్టింది" అని చెబుతూ రైల్లోనే కళ్ళు తుడుచుకుంది పిన్ని.

నవంబర్‌లో బాబాయి పిన్నిని మన ఊరు పంపించేశారు. అప్పటికి ఢిల్లీలో ఉన్న బీజీ తమ్ముడి కుటుంబం ఏమైందో కబురు లేదు. అంత దుఃఖంలోనూ ఆవిడ దారికి రొట్టెలు, ఊరగాయ ఒక స్టీలు డబ్బాలో పెట్టిచ్చింది. ఆ డబ్బా తిరిగి ఇవ్వడం పిన్నికి కుదరనే లేదు. ఇరుగుపొరుగు గిన్నె ఇంట్లో ఉంచుకుంటే మనకెంత నామర్దాగా ఉంటుందో మీకు తెలుసుగా? పైగా అది ఖాళీగా ఇవ్వకూడదాయె! అందుకే ఆ సున్నుండలు.

సందులోకి వెళ్ళాం. పాత ఇల్లు లేదు. ఆ చోట మూడంతస్తుల మేడ లేచింది. బీజీ పోయి చాలా ఏళ్ళయిందట, పిల్లలు ఊరొదిలి వెళ్ళారట. పిన్ని మెట్లమీద కూలబడింది. డబ్బా మూతమీద గురుముఖి అక్షరాల్లో చెక్కిన పేరు అక్కడున్న ఒకావిడ చదివి, లోపలికి కేకేసింది. అయిదు నిమిషాల్లో సందులో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. సున్నుండలు అందరూ తలొకటీ తిన్నారు. "మా పిన్నీ లడ్డూలానే ఉంది" అని మెచ్చుకున్నారు. వాళ్ళు పిన్నీ అనేది ఒక మిఠాయిని లెండి! కానీ ఖాళీ అయిన డబ్బా మాత్రం తీసుకోలేదు. ఆ మూతమీద పేరు చదివినావిడే దాన్ని కడిగి, తుడిచి, నిండా అమృతసర్ వడియాలు పోసి పిన్ని చేతిలో పెట్టింది. "ఖాళీగా ఎలా పంపుతాం?" అని. మన మాటే కదండీ అది!

ఆ రాత్రి పదకొండు గంటలకి పిన్నీ నేనూ గుడి లంగర్‌లో వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాం. లంగర్ అంటే వచ్చినవారందరికీ ఉచిత భోజనం. రోజుకి యాభై వేల నుంచి లక్షమంది దాకా తింటారని చెబుతారు. కులం, మతం, హోదా లేవు. అందరూ కిందే కూర్చోవాలి. రొట్టె రెండు చేతులూ పట్టి అందుకోవాలి. చుట్టూ కొత్త కోడళ్ళు, ముసలమ్మలు, నగలు పెట్టుకున్న షావుకారు ఇల్లాళ్ళు, పళ్ళేలు తోముతూ, రొట్టెలు వత్తుతూ. ఆ వేళప్పుడు మన ఊళ్ళో నేనలా నిశ్చింతగా వీధిలో ఉన్నది ఎప్పుడని ఆలోచిస్తే గుర్తు రాలేదు.

ఇంతకీ వెళ్ళొచ్చా?

నిక్షేపంగా వెళ్ళొచ్చు. అలాగని కళ్ళు మూసుకుని వెళ్ళమనను. 2023 మేలో గుడి దగ్గరి హెరిటేజ్ వీధిలోనే చిన్నపాటి పేలుళ్ళు జరిగాయి. కొందరికి గాయాలయ్యాయి. నిందితుల్ని పట్టుకున్నారు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వచ్చినప్పుడు ఊరంతా దీపాలార్పేశారు, విమానాశ్రయం కొన్నాళ్ళు మూశారు. అంటే ఊరిమనుషుల వల్ల మనకి భయం లేదు. సరిహద్దు దగ్గరున్న ఊరు గనక, ఆ వేడి ఎలా ఉందో చూసుకుని బయల్దేరాలి. పత్రికల్లో సరిహద్దు వార్తలు గట్టిగా వస్తున్నాయా, ప్రయాణం వాయిదా వేసుకోండి. గుడి ఎక్కడికీ పోదు.

మరికొన్ని జాగ్రత్తలు:

అట్టారి సరిహద్దులో సాయంత్రం జెండా దించే వేడుక ఊరికి ముప్పై కిలోమీటర్లు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత గేట్లు తెరవడం, రెండువైపుల జవాన్లు చేతులు కలపడం ఆపేశారు. ఆ రోజు ఉందో లేదో బసలో కనుక్కునే వెళ్ళండి. ఆటోవాళ్ళతో రానూపోనూ ఎంతో ముందే మాట్లాడుకోండి.

గుడిలో తలమీద కొంగో చున్నీయో తప్పనిసరి. మేజోళ్ళతో సహా విప్పి, కాళ్ళు కడుక్కుని వెళ్ళాలి. మీవారి జేబులో సిగరెట్లు, పొగాకు ఉంటే బసలోనే పెట్టించండి. ఫోటోలు ఎక్కడ తియ్యొచ్చో అడిగి తియ్యండి.

డిసెంబర్, జనవరుల్లో పొగమంచుకి రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. మే, జూన్‌లలో ఎండ మన రామగుండాన్ని తలపిస్తుంది. అక్టోబర్, నవంబర్, ఫిబ్రవరి, మార్చి హాయి.

తిండికి దిగులే లేదు. బంగాళాదుంప కూరి తందూర్‌లో కాల్చిన కుల్చా, శనగల కూర, చింతపండు ఉల్లిపాయ చట్నీ తినకుండా రాకండి. మినప్పప్పు రుబ్బి మిరియాలు, ధనియాలు దట్టించి ఎండబెట్టిన వడియాలు కొనండి. కాస్త నూనెలో వేయించి బంగాళాదుంపల పులుసులో వేస్తే మన ముక్కల పులుసుకి అక్కగారే.

గుడిలో పెట్టే కడా ప్రసాదం ఇంట్లో చేసుకోవాలంటే, కొంచెం బరకగా ఉన్న గోధుమపిండి, నెయ్యి, పంచదార కప్పు చొప్పున సమంగా తీసుకోండి. మూడు కప్పుల నీళ్ళలో పంచదార వేసి మరిగించి పక్కన పెట్టండి. నేతిలో పిండిని సన్నసెగన బాదంరంగు వచ్చేదాకా వేయించి, ఆ నీళ్ళు జాగ్రత్తగా పోసి, నెయ్యి పైకి తేలేదాకా కలపండి. ఏలకులు, జీడిపప్పు వెయ్యాలన్న సరదా ఆపుకోండి. ఆ రుచి అలా వేయించడంలోనే ఉంది.

పిన్ని ఇప్పుడు కొడుకు దగ్గరుంది. వడియాలు అయిపోయాయట. డబ్బా కడిగి బోర్లించి పెట్టుకుని, "ఈసారి అరిసెలు పట్టుకెళ్దామే. ఆ సందులోవాళ్ళకి మనం బాకీ పడ్డాం" అని ఫోను చేసింది. ఈసారి కొడుకూ వస్తానన్నాడట. తాను పాలు తాగిన ఊరు చూస్తాడట.