కొంగు ముడి

బదిలీ కాగితం చేతికి రాగానే మేము మొదట సర్దేది పుస్తకాలు. ఆఖరున ట్రంకులోకి వెళ్లేది ఒక గుడ్డల మూట. అందులో మా అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలున్నాయి. మంగళగిరివి రెండు, వెంకటగిరిది ఒకటి, తక్కిన నాలుగూ సంతలో కొన్నవి. అమ్మ పోయాక వాటితో బొంత కుట్టాలనుకున్నాం. "మేము" అంటే ఈ తెలుగు టీచరు, ఏడో తరగతి చదివే మా అమ్మాయి. ఇస్త్రీ దగ్గర మాత్రం మా ఆయన కూడా చేరతారు.

కుట్టడం కంటే ముడతలు తీయడమే పెద్ద పని అని మాకెవరూ చెప్పలేదు. మొదటి చీర ఉతికి ఆరేశాక, ముడతల మీదే స్కేలు పెట్టి 6 అంగుళాల చదరాలు కత్తిరించాం. తర్వాత ఇస్త్రీ చేసి చూస్తే ఒక్కటీ చదరం కాదు. ఒకటి పలకలా, ఒకటి గాలిపటంలా. 14 ముక్కలు పాడయ్యాయి. బజారుకెళ్లి మళ్లీ తెచ్చుకునే గుడ్డ కాదుగా అది! ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినకుండా పడుకుంది.

అప్పుడు మేము రాజస్థాన్‌లో ఎడారి పక్క ఊళ్లో ఉన్నాం. అక్కడి గాలికి బట్టలు అరగంటలో అప్పడాల్లా ఎండిపోతాయి. పక్క క్వార్టర్లో ఉండే మాజీ పాత బట్టలతో గూదడీలు కుట్టేవారు. మా ముక్కలు చూసి నవ్వారు. "పూర్తిగా ఎండనిచ్చి ఇప్పుడు కుస్తీ పడితే ఎలా బేటీ?" అన్నారు.

నూలు సంగతి అంతే. తడిసినప్పుడు పోగులోని బంధాలు సడలుతాయి. ఆరేటప్పుడు గుడ్డ ఎలా పడి ఉంటే అలాగే మళ్లీ బిగుస్తాయి. (పెద్ద తరగతుల వాళ్లు హైడ్రోజన్ బంధాల గురించి మీ సైన్సు టీచరుగారిని అడగండి.) అందుకే కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఎండిపోతే నీళ్లు చిలకరించి, చాపలా చుట్టి, కొన్ని గంటలు మూటగట్టి ఉంచాలి. పెట్టెను గుడ్డ మీద అటూ ఇటూ తోయకూడదు. ఐమూలగా తోస్తే నూలు సాగి, మళ్లీ గాలిపటమే. ఎత్తి, పెట్టి, అదమాలి. అదంతా అయ్యాకే కత్తెర. ఇన్నేళ్లుగా మా ఆయన చొక్కాలను మేము తోస్తూనే వచ్చామని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత బెంగాల్ వెళ్లాం. అక్కడా పాత చీరల మీద కాంథా కుడతారు కాబట్టి మా మూట చూసి ఎవరూ వింతపడలేదు. కానీ వానాకాలంలో బట్టలు ఆరవు, ముక్క వాసన వస్తాయి. పలచగా గంజి పెడితే గుడ్డ కాగితంలా నిలిచి, కత్తిరించడం సులువైంది. అయితే గంజి గుడ్డను ట్రంకులో దాచకండి, పురుగు పడుతుంది. మా దగ్గర రెండు ముక్కలు అలా పోయాయి.

చివరికి మంగళగిరి చీర ఒకటి మిగిలింది. తడిపాం, చుట్టాం, అదిమాం. చీరంతా నున్నగా వచ్చింది గానీ కొంగు మూల మాత్రం మాట వినలేదు. అమ్మ ఇంటి తాళంచెవి అక్కడే ముడేసుకునేది. గంజి పెట్టి చూశాం, రాత్రంతా పరుపు కింద ఉంచాం. ఊహూఁ! ఏళ్ల తరబడి ముడికి పోగులే అరిగి, సాగిపోయాయి. అది ఇస్త్రీకి పోయే ముడత కాదు.

మాలో పెద్దవాళ్లం ఆ మూల కత్తిరించి పారేద్దామన్నాం. మా అమ్మాయి ముక్కను గుప్పిట్లో పట్టుకుంది.

"అమ్మమ్మ తాళంచెవి ఇక్కడే కదా!"

"చదరం రాదే తల్లీ."

"రాకపోతే కింద ఇంకో గుడ్డ వేసి కుడదాం."

కింద సంతచీర ముక్క వేసి, ముడత ముడతగానే ఉంచి, బొంత మధ్యలో కుట్టాం. చుట్టూ కుట్లు మా అమ్మాయే వేసింది. అక్కడక్కడ వంకరపోయాయి. విప్పలేదు.

ఇంకా మూడు వరుసలు ఉండగానే మళ్లీ కాగితం వచ్చింది. ఈసారి బొంతను మడతపెట్టలేదు. పాత దుప్పటి లోపల వేసి గుండ్రంగా చుట్టాం. ఇస్త్రీ పెట్టెను ట్రంకులో అన్నిటికంటే పైన పెట్టాం. కొత్త ఇంట్లో మొదట కావలసింది అదే.