ఉప్పు ఊటలో వేశాడు



ఈ వారం ధ్యానం రెండవ రాజుల గ్రంథము 2వ అధ్యాయం, 19 నుండి 22 వచనాలు. ముందు బైబిలు తెరిచి ఆ భాగం చదువుకోండి. యెరికో వాళ్లు ఎలీషా దగ్గరికి వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. ఊరికి ఏ లోటూ లేదు గానీ నీళ్లు చెడ్డవి. ప్రవక్త కొత్త పాత్ర తెప్పించి అందులో ఉప్పు వేయించాడు. ఈ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. అయినా అందులో ఒక మాట ఇన్నేళ్లూ మా కంట పడలేదు. మేము చేసిన ఒక పొరపాటు ద్వారా ప్రభువు దాన్ని మాకు చూపించాడు. మీ ముందు ఒప్పుకోవాలనే ఇది రాస్తున్నాం.

మనది నల్లగొండ వైపు. మనకు చెడ్డ నీళ్లంటే ఫ్లోరైడ్ నీళ్లే. పళ్ల మీద గోధుమరంగు గారలు పడినవాళ్లు, నడుము వంగిపోయినవాళ్లు మన బెంచీల మీదే కూర్చుంటారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు పరవాలేదని మన దేశ ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడిందంటే మన కష్టం ఎంత దూరం తెలిసిందో చూడండి. అందుకే ఎవరు నీళ్ల సంగతి ఎత్తినా మా నోట వచ్చే జవాబు ఒక్కటే: ఆర్‌ఓ మిషను పెట్టించుకోండి.

మన సంఘంలోని ఒక తల్లికి కొడుకు, కోడలు హైదరాబాదులో ఉంటారు. అపార్ట్‌మెంటులో చిన్న పోర్షను అద్దెకు తీసుకున్నారు. నాలుగేళ్ల బాబు. పోయిన వానాకాలం బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గేవి, నాలుగు రోజులకు మళ్లీ మొదలయ్యేవి. ఆ తమ్ముడు ఫోన్ చేసి, "అయ్యగారూ, నల్లా నీళ్లు ఒక్కోనాడు వాసనొస్తున్నయి. ఏం చెయ్యమంటరు?" అని అడిగాడు. మేము ఇంకో ప్రశ్న వేయకుండా పాత జవాబే చెప్పాం. పాపం, చిట్టీ ఎత్తి పన్నెండు వేలు పెట్టి మిషను కొన్నారు. మేమిద్దరం ఫోన్‌లోనే ప్రార్థన చేసి ఆ మిషనును ప్రతిష్ఠించాం కూడా.

మూడో వారానికి బాబును ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. తెల్లవారుజాము బస్సుకే బయలుదేరి వెళ్లాం. బాబు కళ్లు లోపలికి పోయి ఉన్నాయి, చేతికి సెలైన్ ఎక్కుతోంది. నాయనమ్మ మా చెయ్యి పట్టుకొని, "మిషను పెట్టుకున్నం గద అయ్యగారూ, మీరు ప్రార్థన చేసిన్రు గద, మల్ల ఎందుకిట్లయింది?" అంది.

మా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మా మనసు వేరే దారి పట్టింది. ఈ ఇంట్లో ప్రార్థన తగ్గిందేమో, ఏదైనా లోపం ఉందేమో అని వెతకడం మొదలుపెట్టాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. యోబు స్నేహితులు చేసిన పనే మేమూ చేశాం.

సాయంత్రం ఇంటికి వెళ్లినప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ భార్య పలకరించింది. "మా ఇద్దరు పిల్లలకు కూడ గట్లనే అవుతుందయ్యా" అంది. వాళ్లకు మిషను లేదు. సంపు పక్కనున్న నల్లా నీళ్లే పట్టుకొని తాగుతారు. పై అంతస్తులో ఇంకో ఇంట్లో ముసలాయనకు కూడా అదే జబ్బని తెలిసింది. ఒక ఇంటి లోపమైతే మూడు ఇళ్లలో ఎందుకుంటుంది?

మర్నాడు, ఆ తమ్ముడు ఇచ్చిన కంప్లయింటు మీద నీళ్ల ఆఫీసు నుంచి లైన్‌మన్ వచ్చాడు. వీధి పైపు నుంచి నేరుగా వచ్చే నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేశాడు. నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. క్లోరిన్ ఉందన్నమాట. తరువాత సంపులో నీళ్లు పట్టి అవే చుక్కలు వేశాడు. రంగు మారలేదు. సంపు మూత ఎత్తించి చూస్తే ఒక పక్క గోడకు బీట, దానికి రెండు మూరల దూరంలోనే డ్రైనేజీ చాంబరు. వాసన గుప్పున వచ్చింది.

అక్కడ మాకు కొంత అర్థమైంది. హైదరాబాదుకు మంజీర, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తాయి. అందులో కృష్ణా నీళ్లు మన జిల్లాలోని కోదండాపూర్‌లో శుద్ధి అయ్యే వెళ్తాయి. నీళ్లు శుద్ధి చేసి క్లోరిన్ కలిపి వదులుతారు. కానీ రోజంతా నీళ్లు రాని పైపులో, నీళ్లు ఆగిపోయినప్పుడు ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులు ఉంటే పక్కనున్న మురికి లోపలికి జారుతుంది. పైపు బాగున్నా సంపు, పైన ట్యాంకు బాగుండాలి. చేరుకునేచోట మురుగు కలిస్తే, ఉన్న కాస్త క్లోరిన్ దాంతోనే అయిపోతుంది.

మరి మిషను పనిచేయలేదా? పనిచేసింది. అది శుద్ధి చేసింది తాగే బిందెడు నీళ్లనే. బాబు పళ్లు తోముకుంటూ బాత్‌రూమ్ నల్లా కింద నోరు పెట్టి తాగేవాడు. గ్లాసులు, కొత్తిమీర, పండ్లు కడిగింది సంపు నీళ్లతోనే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. వీధి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో అన్నాడు. హెన్రీ వైట్‌హెడ్ అని ఆ ప్రాంతపు చర్చిలో యువ పాదిరి ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ మాట నమ్మలేదు. అది తప్పని చూపించాలనే ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. అడిగినకొద్దీ డాక్టరు మాటే నిజమని తేలింది. చివరికి పంపు ఎదుటి ఇంట్లో అందరికంటే ముందు జబ్బుపడిన పసిబిడ్డ సంగతి కూడా ఆయనే కనుక్కున్నాడు. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన మురుగు గుంట గోడ చెడి, పక్కనున్న బావిలోకి ఊరుతోందని తవ్వి చూశాక తెలిసింది. ఆ పాదిరి తన సంఘాన్ని గడప గడపకూ ఎరిగినవాడు, తాను పొరపడ్డానని ఒప్పుకోగలిగినవాడు. మేము ఫోన్‌లోనే తీర్పు చెప్పాం.

పట్టణంలో ఉన్న బిడ్డలారా, మీకు పనికొచ్చే మాట కొంచెం చెప్పనివ్వండి. మిషను కొనేముందు మీ నీళ్లలో ఉన్నదేమిటో తెలుసుకోండి. క్రిముల భయమైతే తెర్లే దాకా కాచి, ఒక నిమిషం మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లు చాలు. అయితే కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. ఆవిరి పోయినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. బోరు నీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడ్, నైట్రేటు ఎక్కువున్నా, సీసం ఉన్నా ఆర్‌ఓ పనికొస్తుంది. కానీ ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్ల దాకా బయటికి వదిలే మిషన్లు ఉన్నాయి. ఆ నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడండి. టీడీఎస్ 500 కంటే తక్కువున్న నీళ్లకు ఆర్‌ఓ వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే చెప్పింది. యూవీ దీపం క్రిములను చంపుతుంది గానీ నీళ్లు తేటగా ఉండాలి, ఆ తరువాత పాత్ర మురికిదైతే మళ్లీ మొదటికే వస్తుంది. కార్బన్ ఫిల్టరు వాసన, క్లోరిన్ తీస్తుంది, ఫ్లోరైడ్‌ను, ఉప్పును తీయదు. ఏ మిషనైనా లోపలి ఫిల్టరు వేళకు మార్చకపోతే అదే క్రిములకు ఇల్లవుతుంది. చిన్నపిల్లలకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు, ప్రభువు వింటాడు.

ఇప్పుడు యెరికోకు వద్దాం. మా కంట పడని మాట ఇదే: ఎలీషా ఆ ఉప్పు తీసుకొని నీటి ఊట దగ్గరికి వెళ్లాడు. తనను అడిగిన పెద్దల ఇళ్లకు వెళ్లి వాళ్ల కుండల్లో వేయలేదు. ఊటలో వేశాడు. ఆ ఊట బాగుపడితే పెద్దల ఇంట్లోనూ, పేరు తెలియని దాసి ఇంట్లోనూ నీళ్లు బాగుపడ్డాయి. మేము మాత్రం మా సంఘపు బిడ్డ ఇంటి బిందె వరకే ప్రార్థించాం. గేటు దగ్గరి ఇద్దరు పిల్లలు మా ప్రార్థనలో లేరు.

ఆ ఆదివారం అపార్ట్‌మెంటులోని వాళ్లందరినీ కింద కూర్చోబెట్టి మాట్లాడాం. ఓనరు మొదట గొణిగాడు, తరువాత ఒప్పుకున్నాడు. సంపు ఖాళీ చేసి, రుద్ది కడిగి, బ్లీచింగ్ వేసి, బీటకు సిమెంటు చేయించి, డ్రైనేజీ చాంబరును దూరం జరిపారు. ఒక్కో ఇంటికి పడిన ఖర్చు మిషను ఖరీదులో చిన్న భాగం. దేవుని కృప వల్ల బాబు ఇంటికి వచ్చాడు. వాచ్‌మన్ పిల్లలు కూడా కోలుకున్నారు. నాయనమ్మకు మేము క్షమాపణ చెప్పుకున్నాం. ఆమె నవ్వి, "మీరు వచ్చి సంపుల తొంగి చూసిన్రు, అది చాలయ్యా" అంది.

ఊరికి తిరిగొచ్చి మన మందిరం మీది ట్యాంకు మూత ఎత్తి చూశాం. ఆరాధన తరువాత మీరంతా తాగే నీళ్లవి. అడుగున జానెడు బురద ఉంది. వచ్చే శనివారం పొద్దున్నే కడుగుదాం. యవ్వనస్తులు బకెట్లు, చీపుర్లు తెచ్చుకోండి. చీపురు పట్టి ముందు దిగేది మేమే.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, అడగకముందే జవాబు చెప్పే మా తొందరను క్షమించు. బాధపడేవారిలో లోపాలు వెతికే మా మనసును కడుగు. మా ఇంటి కుండ దగ్గర ఆగిపోకుండా, అందరూ తాగే ఊట దగ్గరికి మమ్మల్ని నడిపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.