గుట్టు - రట్టు

గృహం మానవుని తొలి పాఠశాల అంటారు పెద్దలు. తల్లి ఒడిలో మాటను, తండ్రి వేలు పట్టుకొని నడకను నేర్చుకొనే శిశువుకు ఆ నాలుగు గోడలే లోకం. ఆ గోడల మధ్యనే తల్లి దెబ్బలు తింటూ ఉంటే ఆ శిశువు నేర్చుకొనే పాఠమేమిటి? దెబ్బ తగిలినది తల్లికే గదా అని సమాజం చాలాకాలం సమాధానపడింది. కాని కొట్టగా చూచిన పసిమనసుకూ గాయమవుతుంది.

ఒంగోలు చుట్టుపట్ల పల్లెలలో మిరపకాయ కోతల కాలం వస్తే స్త్రీలు ప్రొద్దున్నే చేలకు పోతారు. సాయంకాలం కూలిడబ్బు కొంగున ముడివేసుకొని ఇల్లు చేరుతారు. కొన్ని ఇండ్లలో ఆ ముడి కోసమే రాత్రి కలహం మొదలవుతుంది. మూలన దుప్పటి ముసుగు పెట్టుకొన్న పిల్లలు నిద్రపోరు. అడుగుల చప్పుడును బట్టి తండ్రి కోపాన్ని కొలవడం వారికి అక్షరాలకంటే ముందే అలవడుతుంది. మరునాడు తరగతిలో ఆ పిల్లవాడు కునికిపాట్లు పడితే సోమరి అంటారు. తోటివానిపై చేయి చేసుకొంటే దుడుకువాడంటారు. మౌనంగా కూర్చున్న బాలికను బుద్ధిమంతురాలని మెచ్చుకొంటారు. ఈ మూడింటి వెనుక ఉన్నది ఒకే భయం కావచ్చునని గుర్తించేవారు అరుదు.

ఇది పేదల ఇండ్లకే పరిమితమైన వ్యాధి కాదు. విద్యావంతుల ఇండ్లలోనూ ఉన్నది. అక్కడ తలుపులు మరింత గట్టిగా మూసుకొంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతి హింసను ఎదుర్కొన్నట్లు వెల్లడించారు.

ప్రహ్లాదుని కథ తెలుగువారికి కొత్తది కాదు. దానిని భక్తికథగానే చదువుతాము. అది కన్నతండ్రి చేత హింసింపబడిన బాలుని కథ కూడ. హిరణ్యకశిపుని కొలువులో మంత్రులున్నారు, గురువులున్నారు, బంధువులున్నారు. ఆ బాలుని పక్షాన నిలిచినవారు కానరారు. చివరకు స్తంభమే చీలవలసి వచ్చింది. ప్రతి ఇంటిలో స్తంభం చీలదు గదా! అక్కడ ఇరుగుపొరుగే కదలాలి.

అట్లా కదిలిన చరిత్ర ఒంగోలుకు పొరుగుననే ఉన్నది. 1990 దశకం తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు సారాపై తిరుగబడ్డారు. పిల్లల నోటికాడి కూటిని కాజేసి, ఇంటికి తన్నులు మోసుకొచ్చే సారా దుకాణాన్ని ఊరినుండి తరిమివేశారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. మద్యమొక్కటే గృహహింసకు కారణం కాదు. తాగని చేతులూ కొడతాయి. అయినా ఇంటిలోని దుఃఖం వీథిలోకి వచ్చి మాట్లాడగలదని ఆ స్త్రీలు నిరూపించారు.

ఆ మాటకు శాసనబలం తరువాత లభించింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. కొట్టినవానిని ఇల్లు విడిచి పొమ్మని, బాధితులు పిల్లలైతే వారి పాఠశాల వైపు రావద్దని మేజిస్ట్రేటు ఆదేశింపవచ్చు. పిల్లలను తాత్కాలికంగా తల్లికి అప్పగింపవచ్చు. తండ్రి రాక వారికి హానికరమనిపిస్తే దానినీ నిరాకరింపవచ్చు. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి: హింస జరుగుతున్నదని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి తెలుపవచ్చు. సద్భావంతో తెలిపినవారిపై ఏ బాధ్యతా ఉండదు. ఇక 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098, స్త్రీల కొరకు 181 అనే ఫోను నంబర్లున్నాయి.

ఇన్ని ఉన్నా పిల్లలు నోరు విప్పరు. చెబితే నాన్నను పట్టుకుపోతారని, అమ్మ పరువు పోతుందని, తప్పు తమదేనని వారి భయం. కొట్టుకొనే పెద్దల మధ్యకు దూకడం వారి కర్తవ్యం కాదు. సురక్షితమైన చోటికి చేరడం, నమ్మకమైన ఒక పెద్దకు చెప్పడం చాలు. విన్నవారు నమ్మాలి. ఆ పెద్ద మేనమామ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, అధ్యాపకురాలు కావచ్చు. మిత్రునిలో ఆ మౌనాన్ని మొదట పసిగట్టేది ప్రక్క బల్లపై కూర్చున్న సహాధ్యాయియే.

సంసారం గుట్టు, రోగం రట్టు అన్నది లోకోక్తి. గృహహింసను మన సమాజం ఇంతకాలం సంసారమనుకొని దాచింది. అది రోగం. దానిని రట్టు చేయడం కుటుంబద్రోహం కాదు, చికిత్సకు ఆరంభం.