మూడోదాన్ని చిన్నచూపు చూడకండి!

లెడ్ జెపెలిన్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే గమనించండి... ఒకరు రెండో ఆల్బమ్ గొప్పదంటారు. ఇంకొకరు కాదు నాలుగోదంటారు. మూడోది మాత్రం చాలామందికి గుర్తే రాదు. నడిమి పిల్లాడి బతుకన్నమాట! ఆ పిల్లాడి తరఫున ఇరవై ఏళ్లుగా వకాల్తా పుచ్చుకున్నవాణ్ని నేను.

ఈ పిచ్చి నాకు అంటించింది అన్నయ్యే. నేను ఇంటర్‌లో ఉండగా కోఠి ఫుట్‌పాత్ మీద ఓ ఎంపీత్రీ సీడీ కొనుక్కొచ్చాడు. అందులో ఆ బ్యాండ్ పాటలన్నీ ఉన్నాయి. తనకు రెండో ఆల్బమ్ ఉంటే చాలు. నేను మూడోది పెడితే మొదట్లో ఊగేవాడు గానీ, సగం దాటేసరికి ‘ఏంట్రా, కరెంటు పోయిందా?’ అనేవాడు.

అప్పటి విమర్శకుల గోల కూడా దాదాపు ఇదే. 1969లో వచ్చిన రెండో ఆల్బమ్ ఎలక్ట్రిక్ గిటార్ల హోరుతో కుర్రకారును ఊపేసింది. 1970 అక్టోబరులో మూడోది వస్తోందంటే మళ్లీ అదే మోత ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే రెండో వైపు దాదాపు అంతా అకూస్టిక్ గిటార్, మాండొలిన్, బాంజో! క్రాస్బీ, స్టిల్స్, నాష్ బృందాన్ని కాపీ కొట్టారంటూ కొందరు పెదవి విరిచారు. అమెరికాలో, బ్రిటన్‌లో నంబర్ వన్ అయినా ఆ జోరు ఎక్కువకాలం నిలవలేదు.

అసలు సంగతేమిటంటే... కచేరీలతో అలసిపోయిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ ఆ ఏడాది వేల్స్‌లోని ఓ పాత ఇంటికి వెళ్లారు. అక్కడ కుళాయి లేదు. కరెంటూ లేదు! అంటే అన్నయ్య వెక్కిరింతలో నిజముందన్నమాట. ఆ నిశ్శబ్దంలో కట్టిన పాటల వాసనే ఈ ఆల్బమ్ నిండా ఉంది.

అలాగని హోరు మరిచిపోయారా? ‘ఇమిగ్రెంట్ సాంగ్’ వినండి. ఏడు నిమిషాల బ్లూస్ పాట ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’ వినండి. అందులో జాన్ బోనమ్ డ్రమ్ పెడల్ కీచుమనడం కూడా వినిపిస్తుంది. దాన్ని అలాగే ఉంచేశారు. నాకైతే ఆ కీచు లేకపోతే పాటే లేదు. ‘ఫ్రెండ్స్’లోని తీగవాద్యాల్లో మన సంగీతపు ఛాయ తెలుస్తుంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి, ఇక్కడి కళాకారులతో ఆ పాటను మళ్లీ రికార్డు చేశారు కూడా. అది అధికారికంగా బయటికొచ్చింది 2015లో!

నాన్న పోయిన ఏడాది మా ఇంట్లో పాటల ఊసే లేదు. కొన్ని నెలలయ్యాక ఓ రాత్రి అన్నయ్యే అడిగాడు... ‘ఆ నెమ్మది పాట ఏదో ఉందిగా, పెట్టరా’ అని. ‘దట్స్ ద వే’ పెట్టాను. డ్రమ్స్ మోత లేని పాట. పక్క గదిలో అమ్మ నిద్ర చెడలేదు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మేం ప్రాణంగా విన్న హోరు పాటల్లో ఒక్కటైనా ఆ రాత్రికి పనికొచ్చేదా?

ఇక నాలుగోది. 1971లో వచ్చింది. అందులోని ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అకూస్టిక్ గిటార్‌తో మెల్లగా మొదలై, హోరులో పతాక స్థాయికి చేరుతుంది. అంత నిదానంగా మొదలుపెట్టే ధైర్యం ఎక్కడిది? మూడోది ఇచ్చిందే! కానీ అమెరికాలో నాలుగోదానికి 2 కోట్లకు పైగా కాపీల గుర్తింపు ఉంటే, మూడోదానికి 60 లక్షలే.

ఈ లెక్క మనకేం కొత్త కాదు. 1992లో చిరంజీవి ‘ఘరానా మొగుడు’కు ఈలలు వేసిన మనమే, అదే ఏడాది వచ్చిన ‘ఆపద్బాంధవుడు’ను అంతగా పట్టించుకోలేదు. ఆయనకు నంది తెచ్చింది మాత్రం రెండోదే.

గెలిచినవాడు అదే గెలుపును మళ్లీ అమ్ముకోవడం తేలిక. దాన్ని పక్కనపెట్టి కొత్తదారి పట్టడానికి దమ్ముండాలి. నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, వాల్యూమ్ తగ్గించి రెండో వైపు వినండి. ఆ తర్వాత కూడా నాలుగోదే గొప్పదంటారా... సరే, అప్పుడు వాదించుకుందాం!